మెడ వెనక చెయ్యి

పదకొండో రోజు అన్న సామాన్లన్నీ తెచ్చి వాకిట్లో వేపచెట్టు కింద పెట్టారు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి సామాను ఎంతుంటుంది? రెండు ధోతులు, నాలుగు బనీన్లు, దారంతో కట్టిన కళ్ళజోడు, మడమ దగ్గర అరిగిన తోలుచెప్పులు, అంకెలు చెరిగిపోయిన చిన్న ఫోను, నల్ల గొడుగు, ఒక గొంగడి. బట్టలుతికే లచ్చయ్య వచ్చి బట్టలు మూట కట్టుకున్నాడు, చెప్పులు కూడా తీసుకున్నాడు. గొంగడిని మాత్రం ముట్టుకోలేదు. మంచి గొంగడి, ఇంట్లో ఎవరికైనా పనికొస్తుందని వదిలేశాడేమో. అది ఎండలో ఒక్కటే పడి ఉంది. వదిన గడపలో కూర్చొని, "దీన్నేం జేద్దాం సుగుణా?" అని నన్ను అడిగింది. నేను వినబడనట్టు లేచి నీళ్ళ కుండ దగ్గరికి పోయాను.

మా అన్న యాకయ్య ఎండకు పోయాడు. వడ్ల కొనుగోలు కేంద్రంలో తన కుప్ప దగ్గర తొమ్మిది రోజులు కావలి ఉన్నాడు, పదో రోజు మధ్యాహ్నం పోయాడు. పోవడానికి మూడు గంటల ముందు జనగామలో ఉన్న నాకు ఫోన్ చేశాడు. నేను ముప్పై ఏళ్ళకు పైగా నర్సు ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని. ఎండలో ఉన్న మనిషి ఒంట్లో బాగాలేదంటే ముందుగా అడగవలసిన మాట ఒకటుంది. ఆ మాట నేను ఏ నర్సుల బడిలోనూ నేర్చుకోలేదు, పన్నెండేళ్ళ వయసులో ఇదే వాకిట్లో నేర్చుకున్నాను. దాని ఖరీదు ఒక ప్రాణం. ఆ తరవాత వేల మందిని అడిగాను, అన్నను మాత్రం అడగలేదు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడ్డదని మా బాపమ్మ అంటుండేది. ఆ బల్లి నేనే. ఇది రాయడం వల్ల ఎవరికైనా మేలు జరుగుతుందన్న ఆశ నాకు లేదు. రాయకపోతే నిద్ర పట్టడం లేదు, అంతే.

నర్సింహులపేట నుంచి లోపలికి పోతే మా ఊరు. నా చిన్నప్పుడు ఎండకాలం మా ఇంట్లో పొద్దు కోడికూతకు ముందే మొదలయ్యేది. ఆ రోజుల్లో వ్యవసాయానికి పెద్ద పని లేదుగానీ ఒక్క పని మాత్రం తప్పేది కాదు. ఎండిన చెరువులోంచి మట్టి తవ్వి, బండ్లతో చెలకల్లోకి తోలేవాళ్ళు. ఆ నల్లమట్టి పోసిన చెలకలో జొన్న మనిషెత్తు పెరిగేది. చుక్కలుండగానే బాపు లేచి ఎడ్లకు నానబెట్టిన ఉలవలు పెట్టేవాడు. ఉలవల వాసన, పెంట వాసన, తడి గడ్డి వాసన కలిసి మేము పడుకున్న మంచాల దాకా వచ్చేవి. ఆ వాసనకు మెలకువ వచ్చి మళ్ళీ నిద్రపోవడంలో ఉన్న సుఖం నాకు తరవాత ఎక్కడా దొరకలేదు. మేము నాన్నను బాపు, అమ్మను అవ్వ అనేవాళ్ళం. అవ్వ ముందు రోజే కాచి కుండలో ఉంచిన జొన్న అంబలిలో చల్ల పోసి, ఉప్పు కలిపి, అందరికీ చెంబులతో ఇచ్చేది. అది కొంచెం పులిసి, ముక్కు దగ్గర ఘాటుగా ఉండేది. అది తాగి, నడుముకో కొంగుకో ఒక ఉల్లిగడ్డ కట్టుకొని బయలుదేరేవారు. ఉల్లిగడ్డ ఒంటి మీద ఉంటే ఎండదెబ్బ తగలదని నమ్మకం. అది ఎట్లా ఆపుతుందో నర్సు చదువులో ఎవరూ చెప్పలేదు. అయినా దాన్ని ఎగతాళి చెయ్యను. ఆ తరవాత ఎండను ఆపుతామని వచ్చినవి కూడా ఏం ఆపాయో చూశాను.

బాపుకు గడియారం లేదు. పొద్దును కూడా పెద్దగా చూసేవాడు కాదు, ఎడ్లను చూసేవాడు. బండి వెంట నడుస్తూ నడుస్తూ కాడి కింద చెయ్యి దూర్చి ఎద్దు మెడ పట్టి చూసేవాడు. డొక్కలు ఎట్లా ఎగురుతున్నాయో చూసేవాడు. నోటి వెంట సొంగ తీగలా సాగితే ఇంకొక్క తిప్పు, నాలుక కొస కనబడితే ఆ తిప్పు కూడా లేదు. "ఇడువుండ్రి" అనేవాడు. బండి సగమే నిండి ఉన్నా అంతే. "నాలుక బయటవెట్టినంక ఇడుసుడు కాదు, పెట్టకముందే ఇడువాలె. ఎద్దుకు నోరు లేదు. మనకు కండ్లున్నయి గద" అని అన్నకు చెప్పేవాడు. ఒకరు ఎడ్లను విడిస్తే వెనక బండ్లవాళ్ళు కూడా విడిచేవాళ్ళు. బారెడు పొద్దెక్కేసరికి చెరువులో ఒక్క బండి కదిలేది కాదు. బండి లేకపోతే మట్టి తవ్వి ఏం లాభం? తవ్వేవాళ్ళు కూడా పారలు పడేసి కట్ట మీది చింతచెట్ల కిందికి చేరేవారు. మళ్ళీ పొద్దు వాలి, ఎడ్లు నీళ్ళు తాగి లేచిన తరవాతే పని. దాన్ని మా ఊళ్ళో ఎడ్లు ఇడిసే యాళ్ల అనేవారు. పెళ్ళి మాటలకు వస్తామన్నా, పంచాయతీకి కూర్చుంటామన్నా, ఆ వేళకే. ఇప్పుడు ఆలోచిస్తే ఒక సంగతి అర్థమవుతుంది. కూలి మనిషికి నీడ ఇవ్వాలని మా పెద్దలెవరూ అనుకోలేదు. మా బాపుతో సహా. వాళ్ళు ఎద్దుకు నీడ ఇచ్చారు. కూలి మనిషి ఆ నీడలోకి వచ్చి కూర్చుంది.

ఎడ్ల సంగతి బాపు చూస్తే మనుషుల సంగతి బాపమ్మ చూసేది. బాపును కన్న తల్లి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరినో తిడుతూ ఉండేది. గూనపెంకుల ఇల్లు మాది, మట్టిగోడలు మూరెడు మందం. ఎడ్లను విడిచే వేళకు ఆమె కిటికీలన్నీ మూసి, అలికిన నేల మీద నీళ్ళు చిలకరించి, వెనక తలుపుకు తడిపిన గోనెసంచి వేలాడదీసేది. చీకటి గదిలో ఆ గోనె వాసన, తడిసిన మట్టి వాసన, మూలన ఇసుకలో పాతిపెట్టిన రంజన్‌లోని నీళ్ళ వాసన. నీళ్ళకు వాసన ఏమిటంటారా? మట్టి రంజన్‌లో నీళ్ళు తాగినవాళ్ళకు తెలుస్తుంది. ఎండలోంచి వచ్చినవాళ్ళను ఆమె గడపలో నిలబెట్టేది. కాళ్ళు కడుక్కోనిదే లోపలికి రానిచ్చేది కాదు. చెమట ఆరనిదే చెంబు చేతికిచ్చేది కాదు. అన్నిటికన్నా ముందు, మెడ వెనక చెయ్యి పెట్టి చూసేది. బాపు, అన్న, నేను, కూలికి వచ్చిన ఆడవాళ్ళు, ఇంటికి వచ్చిన చుట్టం, ఎవరైనా సరే. ఆమె అరచెయ్యి గరుకుగా ఉండి మెడ మీద గీరుకునేది. నేను తప్పించుకొని పారిపోయేదాన్ని. "ఏంది బాపమ్మా, నేనేమన్న ఎద్దునా?" అంటే, "ఎద్దయితే నీ బాపు జూస్తుండె. నువ్వు ఎద్దు కంటె తక్కువైతివి, గందుకే నా పాలవడ్డవు" అనేది. చెయ్యి తడిగా తగిలితే వదిలేసేది. తడి లేకపోతే ఆ మనిషిని గోడ పక్కన పడుకోబెట్టి, చీర కొంగు తడిపి ఒంటి మీద వేసి, అప్పటి నుంచి కదలనిచ్చేది కాదు. ఎందుకో మాకెవ్వరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు. అది ఆమె చాదస్తమనుకున్నాం.

మట్టి తవ్వడానికి మా ఊరి పక్క తండా నుంచి ఆడవాళ్ళు వచ్చేవారు. వాళ్ళలో మంగ్లి ఒకతె. నాకన్నా పన్నెండు పదమూడేళ్ళు పెద్దదేమో. పార పట్టిందంటే మగవాళ్ళు కూడా పక్కకు జరిగేవారు. అద్దాలు కుట్టిన రవికె, భుజాల దాకా గాజులు, అవన్నీ వేసుకొనే ఆ ఎండలో తవ్వేది. నేను అంబలి కుండ మోసుకొని చెరువు దాకా పోయినప్పుడు చింతచెట్టు కింద నన్ను పక్కన కూర్చోబెట్టుకొని వాళ్ళ మాటలు నేర్పేది. నేను తప్పు పలికితే పడీపడీ నవ్వేది. మా అన్నకు అప్పటికి పదహారు. మీసం వస్తోందని తెగ నీలుగుతుండేవాడు. మంగ్లి వాణ్ణి "చిన్న పటేలా, పార వట్టు సూద్దాం, మీసం బర్వు ఎంతున్నదో తెల్సిపోతది" అని ఏడిపించేది. అన్న ఎర్రబడిపోయి ఎడ్ల వెనక్కి పోయి దాక్కునేవాడు.

ఆ ఏడు మానుకోట నుంచి ఒకాయన ట్రాక్టరు కిరాయికి తిప్పుతున్నాడు. మహబూబాబాదును మేము ఇప్పటికీ మానుకోట అనే అంటాం. ట్రాక్టరు పెట్టిద్దామని అన్న నెల రోజులు బాపు వెంట పడ్డాడు. ఎడ్లు ముసలివయ్యాయి, వానలు దగ్గర పడుతున్నాయి, బండ్లతో పది రోజుల పని రెండు రోజుల్లో అయిపోతుంది. వాడి మాట తప్పు కాదు. బాపు చివరికి ఒప్పుకున్నాడు. ఆ రోజు పొద్దున ఎడ్లను కొట్టంలోనే కట్టేశారు. ఎండకాలంలో అవి అట్లా ఖాళీగా ఉండడం నేను మొదటిసారి చూశాను. బాపమ్మ ఊళ్ళో లేదు, కేసముద్రంలో మేనత్త ఇంటికి పోయి నాలుగు రోజులయింది. బాపు చెలక దగ్గర మట్టి పోయించుకుంటున్నాడు. అన్న ట్రాక్టరు మీద డ్రైవరు పక్కన కూర్చొని ఊరేగుతున్నాడు. ట్రాక్టరు పోయిందంటే పావుగంటలో వెనక తగిలించిన డబ్బా ఖాళీ చేసుకొని తిరిగి వచ్చేది. మళ్ళీ నింపాలి. బారెడు పొద్దెక్కింది, నడినెత్తికి వచ్చింది. ట్రాక్టరు నాలుక బయటపెట్టదు. దాని మెడ మీద చెయ్యి వేసి చూసేవాళ్ళు లేరు. "ఇడువుండ్రి" అన్న మాట ఆ రోజు చెరువులో ఎవరి నోటా రాలేదు. ఎవరో ఒకరు అంటారని అందరూ ఎదురుచూశారట. తరవాత తెలిసింది.

మిట్టమధ్యాహ్నం ట్రాక్టరు చెలకకు పోకుండా మా ఇంటి ముందుకు వచ్చి ఆగింది. డబ్బాలో మట్టి మీద మంగ్లి పడి ఉంది. అన్నా, ఇద్దరు ఆడవాళ్ళూ మోసుకొచ్చి పందిరి కింద మంచంలో వేశారు. ఆమె వణుకుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ మమ్మల్ని చూడడం లేదు. ఎదురుగా ఎవరో ఉన్నట్టు వాళ్ళ భాషలో గబగబా మాట్లాడుతోంది. అవ్వ ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది. "పెంక లెక్క కాలుతాంది. జరం గొట్టింది పిల్లకు. సలికి వణుకుతాంది సూడు, గొంగడి దే సుగుణా" అంది. నేను ఉరికి బాపు గొంగడి తెచ్చాను. జ్వరమొస్తే కప్పాలి, కప్పితే చెమట పడుతుంది, చెమట పడితే జ్వరం దిగుతుంది. మా ఇళ్ళల్లో ఉగ్గుపాలతో నేర్చుకున్న వైద్యం అది. నేనే కప్పాను. కాళ్ళ కింద, భుజాల కింద, గాలి దూరకుండా అంచులు మడిచి దోపాను. చిన్నపిల్లను పడుకోబెట్టినట్టు. అవ్వ మిరియాల కషాయం కాచింది, ఒక చెంచా దిగి మిగతాది పెదవుల పక్కనుంచి కారిపోయింది. కాసేపటికి వణుకు ఆగింది. మాటలు కూడా ఆగాయి. "నిద్రవట్టింది, లేపకుండ్రి" అంది అవ్వ. నేను మంచం పక్కన కూర్చొని ఈగలు తోలాను. ఆ రోజు నేను చాలా మంచిదాన్నని అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా బాపమ్మ బస్సు దిగి వచ్చింది. సంచి కూడా దించలేదు. మంచంలో గొంగడి చూసి, దాని కింద మనిషిని చూసి, అలవాటుగా మెడ వెనక చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. "చెమట లేదు" అంది. తరవాత మా అందరి వంకా చూసి, "ఎప్పటి సంది లేదు చెమట? ఎవ్వలన్న అడిగిండ్రా?" అంది. ఆమె గొంగడి లాగి వాకిట్లోకి విసిరేసి, రంజన్‌లో నీళ్ళన్నీ తెచ్చి మంగ్లి మీద గుమ్మరించింది. నన్ను, అన్నను బాయికి ఉరికించింది. తడి బట్టలు కప్పి విసిరింది. ఎంతసేపు చేసిందో. ట్రాక్టరు అప్పటికే వెళ్ళిపోయింది, చివరికి బాపు బండి కట్టాడు, మానుకోట దవాఖానకు. ఎడ్లు చలాకీగా లేచాయి. పొద్దంతా కొట్టంలో నీడకు నెమరేసుకుంటూ పడుకున్న ఎడ్లు కదా, అంత చురుగ్గా అవి ఎండకాలంలో ఎప్పుడూ నడవలేదు. అయినా మానుకోట చేరకముందే మంగ్లి పోయింది.

మంగ్లి అత్త మరుసటి రోజు మా వాకిటికి వచ్చింది. కొట్లాడుతుందని అందరూ భయపడ్డారు. ఆమె గొంతు కూడా పెంచలేదు. బాపు ముఖంలోకి చూసి, "మీ ఎడ్లతోని జేసినన్ని దినాలు మా పిల్ల మంచిగనే ఉండె పటేలా" అని వెళ్ళిపోయింది. బాపు రెండు రోజులు అన్నం ముట్టలేదు. అన్న నెల రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ బెంగ మా ఇంటిని మార్చిందని రాయాలని ఉంది. కానీ మరుసటి ఏడు కూడా మట్టికి ట్రాక్టరే వచ్చింది. ఆ పై ఏడు ముసలి ఎడ్లను అంగట్లో అమ్మేశారు, మళ్ళీ కొనలేదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం బాపమ్మ నన్ను చీకటి గదిలోకి పిలిచింది. నేను తిండి తినడం లేదని ఆమెకు ఎవరో చెప్పారు. తిట్టలేదు. నా మెడ వెనక చెయ్యి వేసి అట్లాగే ఉంచి, "నీ తప్పు గాదు బిడ్డా. జరమైతే కప్పుతం, నువ్వు కప్పినవు. ఎండ తలిగితే కప్పొద్దు. రెండిట్ల ఒళ్ళు గాల్తది, రెండిట్ల మనిషి వణుకుతడు. ఏదో తెల్వకుంటే మెడెన్క చెయ్యి వెట్టు. చెయ్యి వెట్టరాకుంటే అడుగు, చెమట పడుతున్నదా అని. గా ఒక్క మాట అడుగు, సాలు" అంది. ఆమె అంత మెత్తగా మాట్లాడడం అదే మొదలు, అదే చివర. నేను నర్సునవుతానని పట్టుబట్టింది ఆ మాట వల్లనే. ఇంట్లో వద్దన్నారు. అన్న ఒక్కడే నా పక్షాన నిలబడ్డాడు. నన్ను శిక్షణకు దింపి రావడానికి బస్సులో నా పక్కన కూర్చొని వచ్చాడు. దారంతా ఒక్క మాట లేదు. దిగేటప్పుడు మాత్రం, "నువ్వు నేర్సుకో. మల్ల మనింట్ల గట్ల గావద్దు" అన్నాడు. మంగ్లి పేరు వాడు ఎత్తలేదు, ఎప్పుడూ.

నా ఉద్యోగమంతా ఎక్కువగా భూపాలపల్లి వైపే గడిచింది. బొగ్గు తవ్వే ఊళ్ళు. అక్కడ ఎండ పైనుంచే కాదు, కింద నల్లటి నేల నుంచి కూడా వస్తుంది. ఎండకాలం వచ్చిందంటే ఉప్పు చక్కెర కలిపిన పొట్లాలు సంచిలో వేసుకొని తిరిగేదాన్ని. మిరప తోటల్లో ఏరేవాళ్ళ దగ్గరికి, ఉపాధి పని చేసేవాళ్ళ దగ్గరికి, లారీల నీడలో పడుకున్న డ్రైవర్ల దగ్గరికి. నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. చెమట పడుతున్నదా? పిల్లలు నన్ను చూసి "చెమట సిస్టరొచ్చె" అని ఉరికేవారు. మా డాక్టరు గారు కూడా నవ్వేవారు, చెమట పట్టినా ఎండదెబ్బ తగలొచ్చు సిస్టరూ అని. నిజమే. కానీ ఒళ్ళు కాలుతూ, మాట తడబడుతూ, చెమట ఆగిన మనిషి దగ్గర ఒక్క నిమిషం కూడా వృథా చెయ్యకూడదని నాకు తెలుసు. ఆ ఒక్క ప్రశ్నతో బతికినవాళ్ళున్నారు. వాళ్ళ పేర్లు ఇప్పుడు చెప్పుకోవాలని లేదు.

ఇప్పుడు మా ఊళ్ళో ఎద్దు లేదు. గూనపెంకుల ఇల్లు కూల్చి అన్న స్లాబు వేశాడు. పగలంతా తాగిన ఎండను ఆ గోడలు రాత్రంతా కక్కుతాయి. చింతచెట్లు రోడ్డు వెడల్పులో పోయాయి. యాసంగి వరిని కోత మిషను ఒక్క పూటలో కోసి పోస్తుంది. పచ్చి వడ్లు, ఊరందరివీ ఒక్కసారే. వాటిని ఎండబెట్టాలి, కేంద్రానికి తోలాలి, వంతు వచ్చేదాకా కుప్ప దగ్గర ఉండాలి. మబ్బు పడితే టార్పాలిన్ పట్టా కప్పాలి, ఎండ వస్తే తీయాలి. మనిషి లేకపోతే వంతు పోతుందని భయం. కాబట్టి మండే మే నెలలో, చెట్టు లేని మైదానంలో, ముసలి రైతులు కుప్పకొకరు చొప్పున కూర్చొని ఉంటారు. ఎవరి తప్పు అంటే ఎవరి పేరూ చెప్పలేను. వడ్లకు తేమ ఎంతుందో చూసే మిషను అక్కడుంది. రోజూ పొద్దున వచ్చి కుప్పలో గుచ్చి చూస్తారు. కుప్ప మీద కూర్చున్న మనిషిలో తేమ ఉందో లేదో చూసే చెయ్యి లేదు.

అన్నకు రోజూ ఫోన్ చేసి తిడుతూనే ఉన్నాను. ఇంటికి పో, లేకపోతే కనీసం పదింటికి లేచి నీడకు పో. "నేను లేస్తే కుప్పకెవలు?" అనేవాడు. మోకాళ్ళ నొప్పులతో వదిన కేంద్రం దాకా నడవలేకపోయేది. పదో రోజు మధ్యాహ్నం వాడే ఫోన్ చేశాడు. నేను అన్నం తిని, కూలర్ ముందు మంచంలో పడుకొని, నిద్రలోకి జారుతున్నాను. కూలర్ మోతకు వాడి మాట సరిగా వినబడలేదు. రేపన్నా తూకం అవుతుందంటున్నారని ఏదో చెప్పాడు. మధ్యలో మాట దారి తప్పి ఎడ్లకు నీళ్ళు పెట్టాలన్నాడు. నేను నవ్వాను. ముసలితనం అనుకున్నాను. "జర జరమొచ్చినట్టున్నది సుగుణా. సలి వెడ్తాంది" అన్నాడు.

వణుకు. దారి తప్పిన మాట. మండే ఎండ. నేను వేల మందికి అప్పజెప్పిన పాఠం అక్షరం పొల్లుపోకుండా నా చెవిలో పడింది. నాకు మాత్రం కోపం వచ్చింది. పది రోజులుగా చెబుతున్నా వినని మనిషి మీద, నిద్ర పాడు చేసిన ఫోను మీద. "నా మాట ఇన్నవా నువ్వు? జరం గోలి ఏస్కొని, కప్పుకోని పండుకో" అని పెట్టేశాను. నా నోట వచ్చింది బాపమ్మ మాట కాదు, అవ్వ మాట. యాభై ఏళ్ళకు పైగా అది లోపల ఎక్కడ దాక్కొని ఉందో నాకు తెలియదు. ఫోనులో మెడ వెనక చెయ్యి పెట్టలేను. నోరుంది కదా. చెయ్యి పెట్టరాకపోతే అడగమనే కదా ఆమె చెప్పింది.

అన్న పోయిన పదకొండో రోజు సాయంత్రం చుట్టాలందరూ వెళ్ళాక వదిన గొంగడిని తనే ఎత్తుకొచ్చి నా పక్కన కూర్చుంది. దుమ్ము దులిపి మడత పెట్టింది. "గా దినం పొద్దుగాలనే బువ్వతోని పంపిన సుగుణా. పట్టా కాల్తాంది, కింద పర్సుకోను ఏదన్న పంపుమన్నడు. దానికి ముందు దినమే ఉతికి ఎండేసి పెట్టిన, ఎవ్వలు కప్పుకోలె" అంది. మడత మీద చెయ్యి రాస్తూ మళ్ళీ అంది. "పక్క కుప్ప ఎంకన్న జెప్పిండు. బండి దీసిండట, దవాఖానకు పోదాం రా పటేలా అని. మీ అన్న రానన్నడట. మా చెల్లె నర్సు, గోలి ఏస్కొని కప్పుకోని పండుకొమ్మన్నది, దానికి తెల్వనిది నీకు తెల్సునా అన్నడట. నాలుగు గొట్టంగ లేపవోతే లేవలె." ఆమె నా చెయ్యి పట్టుకుంది. "జిందగిల ఎవ్వల మాట ఇనలె గా మనిషి. బాపు మాట ఇనలె, నా మాట ఇనలె. ఆఖర్కు నీ మాటొక్కటి ఇన్నడు. గా గొంగడి నువ్వే తీస్కపో, నీకు గుర్తుంటది."

వదినకు నిజం చెప్పాలని నోరు తెరిచాను, ఆమె ముఖం చూసి మూసుకున్నాను. ఆ ఒక్క ఓదార్పు కూడా నేను లాక్కుంటే ఆమెకు ఏం మిగులుతుంది? లేకపోతే అది కూడా నేను చెప్పుకునే సాకేనేమో, నాకు తెలియదు. గొంగడి సంచిలో పెట్టుకొని జనగామ వచ్చాను. బస్సు కిటికీలోంచి చూస్తే దారి పొడుగునా వడ్ల కుప్పలు, ఒక్కో కుప్ప దగ్గర ఒక్కో గొడుగు, గొడుగు కింద తలకు రుమాలు చుట్టుకున్న మనిషి. మిట్టమధ్యాహ్నం. బస్సు ఆపమని దిగి ఒక్కొక్కరి దగ్గరికీ పోయి అడగాలి కదా. నేను దిగలేదు.

ఇంటికి వచ్చాక తలుపు వేసుకొని, గొంగడి విప్పి, ముఖానికి ఆనించుకున్నాను. వడ్ల దుమ్ము వాసన వచ్చింది. బీడీ వాసన వచ్చింది. వదిన ఉతికిన సబ్బు వాసన ఇంకా ఉంది. మడతలు విప్పి అంచు నుంచి అంచుదాకా, మెడ దగ్గర, వీపు దగ్గర, వెతికి వెతికి చూశాను. మే నెల ఎండలో ఒక మనిషి మూడు గంటలు కప్పుకొని పడుకున్న గొంగడి అది. చెమట వాసన ఎక్కడా లేదు.